షుగర్ ఉన్నవాళ్ల రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ అంకెలు: ఏం చెబుతాయి, ఏం చెప్పవు

షుగర్ వచ్చి పదేళ్లు దాటినవాళ్ల ఇంట్లో బీరువా పైనో, మంచం కింద సూట్‌కేసులోనో ఒక లావుపాటి ఫైలు ఉంటుంది. ఫాస్టింగ్, తిన్న తర్వాత షుగర్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, కొలెస్టరాల్... వీటిని చదవడం ఇంటిల్లిపాదికీ అలవాటే. ఈమధ్య ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల పుణ్యమా అని ఆ కాగితాల్లోకి కొత్త వరుసలు వచ్చి చేరాయి. హెచ్‌ఎస్-సీఆర్పీ, ఈఎస్ఆర్, న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే రోగనిరోధక వ్యవస్థ రేపే లోలోపలి వాపు, మంట, ఎంతుందో సూచించే కొలతలు ఇవి. వాటిలో ఏదో ఒకదాని పక్కన లావు అక్షరాల్లో ‘హై’ అని ఉంటుంది. ఫోన్ తీసి వెతికితే, ఈ అంకె ఎక్కువున్న షుగర్ పేషెంట్లు త్వరగా చనిపోతున్నారంటూ ఒక అధ్యయనం వార్త కనిపిస్తుంది. ఇక టెన్షన్ మొదలు.

ఆ వార్త అబద్ధం కాదు. కానీ దాన్ని చదివి ‘నాకు ఆయుష్షు తక్కువ’ అనుకోవడం, లేదా ‘ఈ అంకె తగ్గించే మందు వేసుకుంటే గండం గడుస్తుంది’ అనుకోవడం, రెండూ తొందరపాటే. ఎందుకో చెప్పాలంటే ముందు ఈ వార్తలు ఎక్కడ పుడుతున్నాయో చూడాలి.

చాలావాటికి మూలం అమెరికా ప్రభుత్వం నడిపే ఒక సర్వే. నేషనల్ హెల్త్ అండ్ న్యూట్రిషన్ ఎగ్జామినేషన్ సర్వే దాని పేరు, పొట్టిగా ఎన్‌హేన్స్ అంటారు. 1960ల తొలినాళ్లలో విడతలుగా మొదలై, 1999 నుంచి నిరంతర కార్యక్రమంగా మారింది. ఏటా దాదాపు 5,000 మందిని దేశమంతటి నుంచి ఎంపిక చేసి, ఊరూరా తిరిగే ట్రెయిలర్ క్లినిక్‌లలో పరీక్షిస్తారు. రక్తం తీస్తారు, బరువూ నడుమూ కొలుస్తారు, తిండి గురించి, సిగరెట్ గురించి అడుగుతారు. తర్వాతి సంవత్సరాల్లో వాళ్లలో ఎవరు చనిపోయారో, ఏ కారణంతో పోయారో జాతీయ మరణాల రికార్డుతో సరిచూస్తారు. పేర్లు తీసేసి ఈ సమాచారంలో చాలాభాగం అందరికీ ఉచితంగా ఇస్తారు.

పరిశోధకులు చేసేదేమిటంటే, ఈ గుట్టలోంచి షుగర్ ఉన్నవాళ్లనో, షుగర్ అంచున ఉన్నవాళ్లనో వేరు చేస్తారు. సీఆర్పీని బట్టో, తెల్లకణాల నిష్పత్తిని బట్టో వాళ్లను తక్కువ నుంచి ఎక్కువకు నాలుగు గుంపులు చేస్తారు. ఏ గుంపులో ఎంతమంది చనిపోయారో లెక్క కడతారు. వయసు, పొగతాగే అలవాటు, బీపీ, బరువు లాంటి తేడాలను గణితంతో సరిచేస్తారు. అన్నీ అయ్యాక కూడా పై గుంపులో మరణాలు, ముఖ్యంగా గుండె జబ్బు మరణాలు ఎక్కువగానే తేలుతుంటాయి. ఎన్‌హేన్స్‌లోనే కాదు, వేరే దేశాల సమాచారంలోనూ ఇదే ధోరణి. 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణ 54 అధ్యయనాల్లోని 1,60,309 మంది వివరాలను కలిపి చూసింది. సీఆర్పీ ఎక్కువున్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం ఎక్కువని తేలింది. అంతటితో ఆగలేదు. కొన్నిరకాల క్యాన్సర్ మరణాలు, ఊపిరితిత్తుల జబ్బుల మరణాలు కూడా దానితోపాటే పెరిగాయి.

ఈ చివరి సంగతి నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. ఒకే అంకె గుండెతోనూ, ఊపిరితిత్తులతోనూ, క్యాన్సర్‌తోనూ జతకడుతోందంటే, అది ఫలానా జబ్బు అని వేలెత్తి చూపేది కాదు. ఒంట్లో ఏదో సరిగా లేదని మాత్రం చెబుతోంది.

ఇక్కడ ఒక పిట్టకథ చెప్పుకోవాలి. ఎన్‌హేన్స్ సమాచారం ఉచితం కాబట్టి, కంప్యూటర్ ముందు కూర్చుని ఒక అంకె, ఒక జబ్బు ఎంచుకుని, రెండింటికీ లంకె కలిపి పేపర్ రాయడం చాలా తేలికైపోయింది. బ్రిటన్‌లోని సర్రే విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి పేపర్లను లెక్కపెట్టి 2025లో ప్రచురించారు. ఒకే అంశాన్ని పట్టుకుని అచ్చు పోసినట్టు వచ్చే ఈ తరహా పేపర్లు 2014 నుంచి 2021 వరకు ఏడాదికి సగటున 4 ఉండేవట. 2024లో అక్టోబర్ మొదటివారం దాటేసరికే 190 వచ్చాయి. నిష్పత్తుల పేర్లు మారుతుంటాయి, జబ్బుల పేర్లు మారుతుంటాయి, వాక్యాలు మాత్రం అవే. కాబట్టి ‘కొత్త పరిశోధనలో వెల్లడి’ అనే శీర్షిక చూసినప్పుడు సగం ఉత్సాహం తగ్గించుకోవడం మంచిది. షుగర్‌కీ ఇన్‌ఫ్లమేషన్‌కీ సంబంధం అబద్ధమని కాదు. ఆ సంబంధం గురించిన గట్టి సాక్ష్యం ఈ పేపర్ల కంటే చాలా ముందునుంచే ఉంది.

1993లో గోఖన్ హోతామిస్లిగిల్, బ్రూస్ స్పీగెల్‌మన్ బృందం లావెక్కిన ఎలుకల కొవ్వును పరీక్షించింది. కొవ్వు అంటే సరుకు దాచుకునే గోదాము మాత్రమే అనుకునే రోజులవి. ఆ కొవ్వులోంచి టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే పదార్థం వెలువడుతోందని వాళ్లు చూశారు. అది ఇన్‌ఫెక్షన్‌తో పోరాడేటప్పుడు రోగనిరోధక కణాలు విడుదల చేసే సంకేతం. దాన్ని అడ్డుకుంటే ఎలుకల్లో ఇన్సులిన్ మళ్లీ మెరుగ్గా పనిచేసింది. పదేళ్లకు, 2003లో, మరో రెండు బృందాలు లావెక్కిన కొవ్వులో మాక్రోఫేజ్‌లు గుంపులుగా చేరుతున్నాయని చూపించాయి. మాక్రోఫేజ్‌లంటే చెత్తనూ క్రిములనూ మింగే తెల్లకణాలు. పొట్ట చుట్టూ, పేగుల మధ్య పేరుకునే కొవ్వులో ఈ సందడి మరీ ఎక్కువ. అక్కడి నుంచి ఇంటర్‌ల్యూకిన్-6 అనే ఇంకో సంకేతం రక్తంలో కలిసి కాలేయానికి చేరుతుంది. దానికి స్పందించి కాలేయం తయారుచేసేదే మన రిపోర్టులో కనిపించే సీఆర్పీ.

అంటే బొజ్జ, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, ఇన్‌ఫ్లమేషన్ మూడూ ఒకే ఇంట్లో కాపురం ఉంటాయి. 2001లో అమెరికా మహిళలపై జరిగిన ఒక అధ్యయనంలో, అప్పటికి షుగర్ లేకపోయినా సీఆర్పీ, ఇంటర్‌ల్యూకిన్-6 ఎక్కువున్నవాళ్లకే తర్వాత షుగర్ ఎక్కువగా వచ్చింది. షుగర్ వచ్చాక రెండోవైపు నుంచి కూడా దెబ్బ పడుతుంది. రక్తంలో గ్లూకోజ్ ఎక్కువైతే అది ప్రోటీన్లకు అంటుకుంటుంది. హెచ్‌బీఏ1సీ కొలిచేది కూడా హిమోగ్లోబిన్‌కు అలా అంటుకున్న గ్లూకోజ్‌నే. ఇలా అంటుకుని కాలక్రమంలో మారిపోయిన ప్రోటీన్లు రక్తనాళాల లోపలి పొరను, తెల్లకణాలను రెచ్చగొడతాయి. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ఎక్కువ గ్లూకోజ్‌లో చీటికిమాటికి రెచ్చిపోయి, తమ లోపలి డీఎన్ఏనే వలలా బయటికి విసురుతాయి. మామూలుగా క్రిముల్ని పట్టడానికి పనికొచ్చే వల అది. అనవసరంగా విసిరితే పుండు మానదు, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. గుండె ధమనుల్లో పేరుకున్న కొవ్వు పొర పగలడంలోనూ ఈ రెచ్చిపోయిన కణాల చెయ్యి ఉంటుంది.

కాబట్టి ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువున్న షుగర్ పేషెంట్లకు ముప్పు ఎక్కువ అనే మాటకు జీవశాస్త్రం మద్దతు ఉంది. చిక్కంతా మన చేతిలోని కాగితం దగ్గర మొదలవుతుంది.

రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ రిపోర్టు ఒకటి తీసుకుందాం. అందులో డిఫరెన్షియల్ కౌంట్ (తెల్లకణాల్లో ఏ రకం ఎంత శాతమో చెప్పే వరుస) కింద న్యూట్రోఫిల్స్ 68 శాతం, లింఫోసైట్స్ 24 శాతం ఉన్నాయనుకోండి. 68ని 24తో భాగిస్తే 2.8. ఇదే న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి. దీనికోసం విడిగా డబ్బు కట్టక్కర్లేదు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. ప్లేట్‌లెట్లు 2.8 లక్షలు ఉంటే, వెయ్యిలలో 280 తీసుకుని ఈ నిష్పత్తితో గుణిస్తే 793 వస్తుంది. దీనికి ‘సిస్టమిక్ ఇమ్యూన్ ఇన్‌ఫ్లమేషన్ ఇండెక్స్’ అని ఘనమైన పేరు. 2014లో కాలేయ క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల భవిష్యత్తు అంచనా కోసం దీన్ని ప్రతిపాదించారు. ఇప్పుడు అన్ని జబ్బులకూ వాడేస్తున్నారు.

అదే మనిషి ఆయాసానికి వారం రోజులు ప్రెడ్నిసోలోన్ వేసుకున్నాడనుకోండి. స్టెరాయిడ్ వల్ల న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, లింఫోసైట్స్ తగ్గుతాయి. 80, 14 అయితే నిష్పత్తి 5.7. ముప్పు రెట్టింపైందా? లేదు, మందు పని చేస్తోంది, అంతే. ఇంకో ఉదాహరణ మన వానాకాలం నుంచి. డెంగీలో ప్లేట్‌లెట్లు 70 వేలకు పడిపోయాయి, నిష్పత్తి మాత్రం అదే 2.8 దగ్గర ఉంది అనుకుంటే, ఇండెక్స్ 198కి దిగుతుంది. కాగితం మీద మనిషి అద్భుతంగా ఉన్నట్టు. మంచం మీద పరిస్థితి వేరు.

సీఆర్పీతో ఇంకో తలనొప్పి ఉంది. మామూలు సీఆర్పీ, హెచ్‌ఎస్-సీఆర్పీ రెండూ కొలిచేది ఒకే ప్రోటీన్‌ని. రెండోది చిన్న మోతాదులను కూడా కచ్చితంగా పట్టగలదు. గుండె ముప్పు లెక్కలకు కావలసింది రెండోది. కొన్ని ల్యాబులు లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని, కొన్ని డెసీలీటరుకు ఇన్నని రాస్తాయి. ఒకచోట 0.5 అని, మరోచోట 5 అని వస్తే కంగారు పడతారు. రెండూ ఒకటే, దశాంశ బిందువు జరిగిందంతే. అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కలిసి 2003లో చెప్పిన హద్దుల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు తక్కువ ముప్పు, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే గుండె లెక్క పక్కనపెట్టి ఇన్‌ఫెక్షన్ ఉందేమో వెతకాలి. ఒక్క పరీక్షతో తేల్చకుండా, రెండు వారాల తేడాతో రెండుసార్లు చేయించి సగటు చూడమన్నారు. సీఆర్పీ రక్తంలో సగానికి తగ్గడానికి పట్టే సమయం 19 గంటలే. దంతం నొప్పి, జలుబు, మోకాలి వాపు ఏదైనా ఒకటి వచ్చి వెళ్లినా దాని ఆనవాలు అందులో పడుతుంది. అధ్యయనాల్లో మాత్రం చాలావరకు ఒకే ఒక్కసారి తీసిన రక్తంతో పది, పదిహేనేళ్ల భవిష్యత్తు లెక్క కడతారు. వేలమంది సగటుకు అది సరిపోతుంది. ఒక మనిషికి సరిపోదు.

ఈఎస్ఆర్ సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. రక్తహీనత ఉంటే చాలు అది పెరుగుతుంది, వయసుతోనూ పెరుగుతుంది. సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉన్న దేశంలో ఈఎస్ఆర్ 35 చూసి ఆయుష్షు లెక్కలు వేయడం అనవసరం.

‘ముప్పు ఒకటిన్నర రెట్లు’ అన్న మాట వినగానే గుండె గుభేలుమంటుంది కదా, దాన్నీ కాస్త విప్పి చూడాలి. లెక్క కోసం అనుకుందాం: యాభై అయిదేళ్ల షుగర్ పేషెంట్లు వెయ్యిమందిలో ఏడాదికి 10 మంది చనిపోతారు. సీఆర్పీ ఎక్కువున్న గుంపులో అది 15 అవుతుంది. ఒకటిన్నర రెట్లే, కానీ వెయ్యికి అదనంగా అయిదుగురు. మిగతా 985 మందీ ఆ ఏడాది బతికే ఉంటారు. డెబ్బై అయిదేళ్లవాళ్లలో 40 అనుకుంటే అది 60 అవుతుంది, అదనంగా ఇరవై మంది. అదే ఒకటిన్నర రెట్లు, బరువు వేరు. వయసు, పాత గుండెపోటు, కిడ్నీ పరిస్థితి తెలియకుండా ‘రెట్లు’ అన్న మాటకు అర్థం లేదు. వార్తల్లో మాత్రం రెట్లే ఉంటాయి, వెయ్యికి ఎంతమంది అన్నది ఉండదు.

ఇంకో మెలిక. సర్వే రోజు సీఆర్పీ ఎక్కువున్న కొందరికి అప్పటికే బయటపడని క్యాన్సరో, క్షయో ఉండొచ్చు. వాళ్లు ఏడాది రెండేళ్లలో చనిపోతే, లెక్కలో సీఆర్పీ వాళ్లను చంపినట్టు కనిపిస్తుంది. నిజానికి జబ్బే సీఆర్పీని పెంచింది, జబ్బే ప్రాణం తీసింది. జాగ్రత్తపడే పరిశోధకులు తొలి రెండేళ్ల మరణాలను తీసేసి మళ్లీ లెక్క వేస్తారు. వేయకపోతే ఆ పేపర్‌ని నేను పెద్దగా నమ్మను.

అసలు ప్రశ్న ఇప్పుడు. ఈ అంకె ముప్పుకు కారణమా, గుర్తు మాత్రమేనా? కారణమైతే దాన్ని తగ్గిస్తే ప్రాణం నిలుస్తుంది. గుర్తయితే తగ్గించినా ఒరిగేదేమీ లేదు.

దీన్ని తేల్చడానికి జన్యువులు పనికొచ్చాయి. కొందరికి పుట్టుకతోనే సీఆర్పీ కాస్త ఎక్కువగా తయారయ్యే జన్యువు ఉంటుంది. సీఆర్పీయే దోషి అయితే, జీవితాంతం దాన్ని ఎక్కువగా మోసే వీళ్లకు గుండెపోట్లు ఎక్కువ రావాలి. లక్షన్నరకు పైగా మందిని కలిపి చూసిన 2011 నాటి విశ్లేషణలో అలా ఏమీ రాలేదు. మరుసటి ఏడాది ఇంటర్‌ల్యూకిన్-6 వైపు చూశారు. ఆ సంకేతాన్ని అందుకునే చోట తేడా ఉండి, పుట్టుకతోనే దాని ప్రభావం తగ్గినవాళ్లకు గుండె జబ్బు తక్కువగా ఉందని తేలింది. అంటే సీఆర్పీ నిర్దోషి, దానికి పైన ఉన్న సంకేతాల గొలుసు అనుమానితుడు. అర్ధరాత్రి వీధికుక్క మొరిగితే ఏదో అలికిడి అయిందని అర్థం. దొంగ కావచ్చు, పిల్లి కావచ్చు, సెకండ్ షో చూసి వస్తున్న పక్కింటాయన కావచ్చు. లేచి చూడాల్సిందే. కుక్క నోరు కట్టేసినంత మాత్రాన దొంగ పోడు.

మరి పై గొలుసును మందుతో కత్తిరిస్తే? ఈ పని చేసిన మందుల పరీక్షల్లో అన్నిటికంటే పేరున్నది క్యాంటోస్. 2017లో ఫలితాలు వచ్చాయి. అప్పటికే గుండెపోటు వచ్చి, హెచ్‌ఎస్-సీఆర్పీ 2 లేదా అంతకు మించి ఉన్న 10,061 మందిని తీసుకున్నారు. వాళ్లలో ప్రతి పదిమందిలో నలుగురికి షుగర్ ఉంది. కనకినుమాబ్ అనే ఇంజెక్షన్‌ని మూడు నెలలకోసారి ఇచ్చారు. అది ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకుంటుంది, కొలెస్టరాల్‌ని ముట్టుకోదు. 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధ మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. ఇన్‌ఫ్లమేషన్‌ని మాత్రమే తగ్గించినా గుండెకు మేలు జరుగుతుందని తొలిసారి మనుషుల్లో రుజువైంది.

పండగ చేసుకునే ముందు మిగతా సగం కూడా వినాలి. మొత్తం మరణాలు తగ్గలేదు. ఇన్‌ఫెక్షన్లతో చనిపోయినవాళ్లు ఆ మందు వేసుకున్న గుంపులో ఎక్కువయ్యారు. క్రిములతో పోరాడే సంకేతాన్నే నొక్కేస్తే జరిగేది అదే. షుగర్ అంచున ఉన్నవాళ్లకు షుగర్ రాకుండా ఆ మందు ఆపలేకపోయింది. షుగర్ ఉన్నవాళ్ల హెచ్‌బీఏ1సీ మొదటి కొన్ని నెలలు కాస్త తగ్గి మళ్లీ మామూలుకొచ్చింది. గుండె కోసం వాడకానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇవ్వలేదు.

మరుసటి ఏడాది సీఐఆర్‌టీ అనే పరీక్ష ఫలితం వచ్చింది. ఇది షుగర్‌వాళ్లకు మరీ దగ్గరి విషయం, ఎందుకంటే ఇందులో చేరిన 4,786 మందికీ గుండె జబ్బుతోపాటు షుగరో, మెటబాలిక్ సిండ్రోమో (బొజ్జ, బీపీ, షుగర్, రక్తంలో కొవ్వులు కలిసి హద్దు దాటే స్థితి) ఉండాలన్నది షరతు. కీళ్లవాతానికి వాడే చౌక మాత్ర మెథోట్రెక్సేట్‌ని తక్కువ మోతాదులో ఇచ్చారు. సీఆర్పీ తగ్గలేదు, ఇంటర్‌ల్యూకిన్లు తగ్గలేదు, గుండెపోట్లూ తగ్గలేదు. ఇన్‌ఫ్లమేషన్ అనేది ఒకే గొట్టం కాదని, ఏ మందు పడితే ఆ మందు దాన్ని మూయలేదని ఇక్కడ అర్థమైంది. పైగా ఈ పరీక్షలో చేరేవాళ్లను సీఆర్పీ చూసి ఎంచుకోలేదు. చాలామందికి అది మొదటి నుంచీ తక్కువే.

తర్వాత వచ్చింది కాల్చిసిన్, గౌట్‌కి వాడే పాత మందు. 2019, 2020లలో వచ్చిన రెండు పెద్ద పరీక్షల్లో రోజుకు అర మిల్లీగ్రాముతో గుండెపోట్లు తగ్గాయి. 2023లో అమెరికాలో ఈ వాడకానికి అనుమతి కూడా వచ్చింది. 2024లో గుండెపోటు వచ్చినవెంటనే మొదలుపెట్టిన మరో పెద్ద పరీక్షలో ఏ లాభమూ కనిపించలేదు. డాక్టర్లలో ఇప్పుడు రెండు పక్షాలున్నాయి. కిడ్నీ దెబ్బతిన్న షుగర్ పేషెంట్లకు ఈ మందు ఒంట్లో పేరుకుపోయి విషమించే ప్రమాదం ఉంది, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయోటిక్‌తో కలిస్తే ఇంకా ఎక్కువ. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మందు కాదది. పసుపు మాత్రలు, ‘యాంటీ ఇన్‌ఫ్లమేటరీ’ కషాయాల పొడులు ఇలాంటి పరీక్షల గడపే తొక్కలేదు. వాటివల్ల సీఆర్పీ కాస్త దిగినా మరణాలు తగ్గుతాయని చూపించినవాళ్లు లేరు.

ఇదంతా తెల్లవాళ్ల దేశాల సంగతి, మనకేంటి అనిపించొచ్చు. మనకు సంబంధించిన ముక్క ఒకటుంది. 2001లో లండన్‌లో భారతీయ మూలాలున్న ఆరోగ్యవంతులను, తెల్లజాతి వాళ్లను పోల్చి చూశారు. మనవాళ్లలో సీఆర్పీ 17 శాతం ఎక్కువ. ఆ తేడాకు చాలావరకు కారణం పొట్ట దగ్గరి కొవ్వు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం. కాళ్లూ చేతులూ సన్నగా, బొజ్జ మాత్రం ముందుకొచ్చిన మనిషి మనకు ప్రతి ఇంట్లో కనిపిస్తాడు. బరువు తూచే మిషన్ అతన్ని మామూలు అంటుంది. దర్జీ టేపు అలా అనదు. మనవాళ్లకు నడుము కొలత మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80 దాటితే ఎక్కువ కిందే లెక్క. ఐసీఎంఆర్ ఆధ్వర్యంలోని అధ్యయనం 2023లో చెప్పిన ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది, మరో 13.6 కోట్ల మంది అంచున ఉన్నారు. ఇంతమంది ముప్పును బయటి దేశాల వాళ్ల రక్తంతో కట్టిన హద్దులతో కొలుస్తున్నామన్నది గుర్తుంచుకోవాలి.

మన దగ్గర ‘లేచి చూడాల్సిన’ చోట్లు కూడా కాస్త వేరు. మొదటిది నోరు. చిగుళ్లు వాచి, పళ్లు తోముకుంటుంటే రక్తం రావడాన్ని చాలామంది జబ్బుగానే లెక్కపెట్టరు. చిగుళ్ల జబ్బుకు సరైన చికిత్స చేయిస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 మేర తగ్గుతుందని కోక్రేన్ సంస్థ 2022లో పరీక్షలన్నీ కలిపి తేల్చింది. షుగర్ మందు ఒకటి అదనంగా కలిపినా కొన్నిసార్లు ఇంతకంటే ఎక్కువ తగ్గదు. రెండోది పాదాలు. తిమ్మిరెక్కిన కాలికి పుండైనా నొప్పి తెలియదు, అరికాలు చూసుకునేదాకా సంగతి బయటపడదు. మూడోది క్షయ. షుగర్ ఉన్నవాళ్లకు క్షయ ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం ఉండి సీఆర్పీ, ఈఎస్ఆర్ దిగకుండా ఉంటే కఫం పరీక్ష వెంటనే చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ముఖ్యంగా ఆడవాళ్లలో, నాలుగోది.

షుగర్‌తో వచ్చే అకాల మరణాల్లో గుండె, రక్తనాళాల వాటా పెద్దదే కానీ మొత్తం కాదు. 8,20,900 మంది వివరాలు కలిపి చూసిన 2011 నాటి విశ్లేషణలో, యాభై ఏళ్ల వయసులో షుగర్ ఉన్న మనిషి లేని మనిషి కంటే సగటున ఆరేళ్లు ముందు చనిపోతున్నాడని తేలింది. ఆ ఆరేళ్లలో సుమారు 40 శాతం నష్టం రక్తనాళాలతో సంబంధం లేని ఇన్‌ఫెక్షన్లు, క్యాన్సర్లు, కిడ్నీ, కాలేయ జబ్బుల వల్లే. గుండెనొక్కదాన్నే చూసుకుంటే చాలదని చెప్పే అంకె ఇది. ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు ఇన్ని రకాల మరణాలతో ఎందుకు ముడిపడుతున్నాయో కూడా దీంతో కొంత అర్థమవుతుంది.

మరి ఆ ఆరేళ్లను ఎలా వెనక్కి లాక్కోవాలి? ఒక్క అంకెను పట్టుకుని వేలాడితే ఏమవుతుందో షుగర్ విషయంలోనే ఒకసారి చూశారు. అమెరికా, కెనడాల్లో 10,251 మందితో జరిగిన అకార్డ్ పరీక్షలో హెచ్‌బీఏ1సీని 6 కంటే కిందికి దించాలని గట్టిగా మందులు వాడారు. ఆ గుంపులో మరణాలు 22 శాతం ఎక్కువ కావడంతో 2008లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. దానికి పూర్తిగా అటువైపు నిలిచేది డెన్మార్క్‌లో జరిగిన స్టెనో-2. చేరినవాళ్లు 160 మందే. అందరికీ షుగర్‌తోపాటు మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ కాస్త పోతోంది, కిడ్నీ దెబ్బతింటోందనడానికి గుర్తు అది. సగం మందికి షుగర్, బీపీ, కొలెస్టరాల్, సిగరెట్, తిండి, నడక అన్నీ కలిపి ఒకేసారి సరిచేశారు. 21 ఏళ్ల తర్వాత చూస్తే వీళ్లు రెండో సగం కంటే సగటున 7.9 ఏళ్లు ఎక్కువ బతికారు. ఎవరూ సీఆర్పీని లక్ష్యంగా పెట్టుకోలేదు.

అందుకే సీఆర్పీ 3 దాటి, 10 లోపు ఉండి, రెండోసారి చేయించినా అలాగే ఉంటే దానికోసం ప్రత్యేకంగా మందు వెతకడం కంటే డాక్టర్‌తో వేరే మాట మాట్లాడాలి. స్టాటిన్ వేసుకుంటున్నానా, వేసుకుంటే మోతాదు సరిపోతోందా? స్టాటిన్ కొలెస్టరాల్‌తోపాటు సీఆర్పీని కూడా తగ్గిస్తుంది. 2008లో జూపిటర్ అనే పరీక్ష 17,802 మందితో చూపించింది దీన్నే. కొలెస్టరాల్ మామూలుగానే ఉండి సీఆర్పీ 2 లేదా ఆపైన ఉన్నవాళ్లకు రోసువాస్టాటిన్ ఇస్తే గుండెపోటు లాంటివి 44 శాతం తగ్గాయి. మేలు కొలెస్టరాల్ తగ్గడం వల్లనా, ఇన్‌ఫ్లమేషన్ తగ్గడం వల్లనా అన్న వాదన నేటికీ తెగలేదు. మందు వేసుకునేవాళ్లకు ఆ వాదనతో పనిలేదు. అదే పరీక్షలో కొత్తగా షుగర్ తేలినవాళ్లు కొద్దిగా పెరిగారు కూడా. కానీ షుగర్ ఇప్పటికే ఉన్న మనిషికి ఆ భయంతో స్టాటిన్ మానేయడం నష్టమే. సిగరెట్, బీడీ మానితే తెల్లకణాల లెక్క దానంతటదే దిగుతుంది. ఒంటి బరువులో కొంత తగ్గినా సీఆర్పీ దిగుతుంది.

10 దాటితే మాత్రం ముందు జ్వరం, పన్ను, పాదం, మూత్రం చూసుకుని, అవి సర్దుకున్న రెండు మూడు వారాలకు మళ్లీ చేయించాలి. ఇన్‌ఫెక్షన్ మధ్యలో తీసిన అంకెతో గుండె గురించి ఏమీ చెప్పలేం.

ఫైల్లో తప్పకుండా ఉండాల్సిన ఇంకో కాగితం మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి. పొద్దున్నే మొదటి మూత్రం ఒక చిన్న సీసాలో ఇస్తే చాలు, గ్రాము క్రియాటినిన్‌కు అల్బుమిన్ 30 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. సీఆర్పీ లాగే ఇది కూడా దీర్ఘకాలపు ముప్పును చెబుతుంది. తేడా ఏమిటంటే ఈ అంకె పెరిగినప్పుడు చేయాల్సిన పని, దానివల్ల ప్రాణాలు నిలిచిన రుజువు రెండూ ఉన్నాయి. 2020లో వచ్చిన డాపా-సీకేడీ పరీక్షలో, షుగర్ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి, అల్బుమిన్ ఎక్కువగా పోతున్న 4,304 మంది కిడ్నీ పేషెంట్లలో డాపాగ్లిఫ్లోజిన్ మాత్ర మొత్తం మరణాలను 31 శాతం తగ్గించింది. అదే ఏడాది మన దేశంలో దాని పేటెంట్ గడువు తీరడంతో చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి, ధర బాగా దిగింది. అందరికీ సరిపడదు, మూత్ర ఇన్‌ఫెక్షన్లు, కీటోన్ల సంగతి డాక్టరే చూసి చెప్పాలి. చెకప్ ప్యాకేజీ తీసుకునేటప్పుడు హెచ్‌ఎస్-సీఆర్పీ ఉందా అని కాకుండా ఈ మూత్ర పరీక్ష ఉందా అని అడగండి. లేకపోతే విడిగా రాయించుకోండి, ఏడాదికి ఒకసారి.